గంగరాజు వేసిన ఓటు

ఉమాదేవి ఇంట్లో గిన్నెలు బోర్లించి ఉండవు. కడిగిన అన్నం గిన్నె, చారు గిన్నె, చెంబు, గ్లాసులు అన్నీ నోరు పైకి పెట్టే ఆరతాయి. అడుగున నాలుగు బొట్లు నిలిచిపోతాయి, వాటిమీద దోమలు వాలతాయి. ఇంట్లో మనిషి సముద్రం మీద వేటలో ఉండగా గిన్నె బోర్లిస్తే అక్కడ పడవ బోర్లా పడుతుందని ఏటిమొనపాలెం ఆడవాళ్ళ భయం. వెళ్ళినవాడు తిరిగొచ్చి, వల దులిపి, స్నానం చేసి కూర్చున్నాక గానీ గిన్నెలు తిరగబడవు. ఉమాదేవి ఇంట్లో ఎనిమిదేళ్ళుగా తిరగబడలేదు.

దివిసీమలో నాగాయలంక దాటి, రొయ్యల చెరువుల గట్ల మీదుగా ఇంకా కిందికి పోతే రోడ్డు ఆగిపోయే చోట ఉంటుంది ఆ పాలెం. ఉమాదేవి పుట్టింది బందరు పక్కన గిలకలదిండిలో. పదో తరగతి పాసైంది. ఇరవయ్యో ఏట గంగరాజుని చేసుకుని ఇక్కడికొచ్చింది. రోజూ తెల్లవారకముందే పడవల దగ్గర చేప కొని, సత్తు బేసిన్లో ఐసు వేసి సర్దుకుని, షేర్ ఆటోలో అవనిగడ్డ వెళ్ళి అమ్ముకొస్తుంది. బేరమాడేవాళ్ళకి ఆమె నోరంటే కొంచెం జంకు. "మొప్పలెత్తి చూసి చూసి పెడతావేంటి తల్లీ, పెళ్ళిచూపులకొచ్చావా?" అంటుంది. పిల్లలు లేరు. ఇంట్లో ఆమె, అత్త పెద్దింట్లమ్మ, ఇద్దరే. మరిది అయ్యప్ప అదే వీధిలో వేరు కాపురం.

2018లో, మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సముద్ర స్నానాలు అయిన నాలుగో రోజు, ఆదివారం సాయంత్రం గంగరాజు ఇంజన్ పడవలో వేటకి వెళ్ళాడు. ఏరు అవతలి ఊరివాళ్ళిద్దరు తోడు. గాలి లేదు, మబ్బు లేదు. సముద్రం పరిచిన చాపలా ఉందని ఆ రోజు వెళ్ళి వచ్చినవాళ్ళంతా చెప్పారు. సోమవారం రావలసిన పడవ రాలేదు. నాలుగు రోజులు పది పడవలు వెతికాయి. తుఫానులో పోయిన పడవైతే ఏదో ఒకటి ఒడ్డుకి కొడుతుంది. డీజిల్ డబ్బానో, చెక్కముక్కో, ఒంటి చెప్పో. ఈ పడవ నుంచి ఏమీ రాలేదు. సముద్రం ఏమీ ఎరగనట్టు ఉండిపోయింది.

ఐదో రోజు ఆడవాళ్ళు వచ్చి గడప దగ్గర నిలబడితే, పెద్దింట్లమ్మ ఎండుచేప తిరగేస్తూ తలెత్తింది.

"ఏడవడానికొస్తే ఎల్లండి. మావోడు వేటలో ఉన్నాడు."

అప్పటినుంచి ఊళ్ళో అందరిదీ అదే మాట. గంగరాజు పోయాడని ఎవరూ అనలేదు, తప్పిపోయాడనీ అనలేదు. వేటలో ఉన్నాడు. ఉమాదేవి గాజులు చేతులకే ఉన్నాయి, బొట్టు నుదుటనే ఉంది. పేరంటాలకి ముత్తైదువని పిలిచేవాళ్ళు. తాంబూలం ఇచ్చేటప్పుడు మాత్రం చెయ్యి చేతికి తగలకుండా పైనుంచి వదిలేవాళ్ళు.

కాగితాల మీద గంగరాజు బతుకుతూనే ఉన్నాడు. రేషన్ కార్డులో ఇంటి పెద్ద ఆయనే. ఎన్నికలొస్తే స్లిప్పు ఇంటికి వచ్చేది. అందులో పాత ఫోటోనే, పక్కన వయసు మాత్రం ప్రతిసారీ పెరిగేది. వెళ్ళినప్పుడు ముప్ఫైమూడు. 2019లో వచ్చిన స్లిప్పు మీద ముప్ఫైనాలుగు. 2024లో ముప్ఫైతొమ్మిది. ముప్ఫై ఏళ్ళవాడి ఫోటో పక్కన ముప్ఫైతొమ్మిది అంకె చూసి, ఎక్కడో ఆయన చెంపలు నెరుస్తున్నట్టు అనిపించి, ఉమాదేవి ఆ స్లిప్పు మడిచి చూరులో దోపింది.

ఆ ఏడు పోలింగు రోజున చేపలమ్ముకుని పదకొండింటికి బూత్‌కి వెళ్ళింది. టేబుల్ దగ్గర కూర్చున్న అమ్మాయి స్కేలు జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆపింది.

"ఉమాదేవి, భర్త గంగరాజు. మీరేనా అండీ?"

"నేనే."

"మీ ఆయన పొద్దున్నే వచ్చి వేసేశారు. మీరే లేటు," అని నవ్విందా అమ్మాయి.

ఉమాదేవి వంగి చూసింది. తన పేరుకి సరిగ్గా పైన గంగరాజు పేరు. దాని కింద ఎర్రసిరాతో గీత. వేలికి సిరా ఎవరు పూశారో, లోపల ఏ బటన్ నొక్కిందో ఆమెకి గుర్తు లేదు. ఇంటికొచ్చేసరికి పెద్దింట్లమ్మ వాకిట్లో చేపలు ఆరబోస్తోంది.

"అత్తా, ఎవరో ఆయన ఓటు వేసేశారంట."

"ఎవరో ఏంటి? ఆడే ఏసుంటాడు."

"ఆయనొస్తే ఇంటికి రాడా?"

"ఏం తొందరో ఏంటో. ఏసి ఎల్లుంటాడు," అంది ముసలామె, చేప రెండోవైపు తిప్పుతూ.

ఆ మాట సాయంత్రానికి పాలెమంతా పాకింది. ఆ తర్వాత గంగరాజు మనుషులకి కనిపించడం మొదలుపెట్టాడు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర చూశామని ఒకరు, పామర్రు సెంటర్లో టీ తాగుతున్నాడని ఒకరు. గుడివాడ బస్సులో ముందు సీట్లో కూర్చున్నాడనీ, పిలిచేలోపు గుడ్లవల్లేరులో దిగిపోయాడనీ ఇంకొకరు. అందరూ వెనకనుంచే చూశారు. గంగరాజుదే, ఆ నీలం గళ్ళ చొక్కా అని అందరూ అన్నారు. ముఖం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఉమాదేవికి కూడా ఒకసారి కనిపించాడు. అసుర సంధ్యవేళ, రేవులో, నీళ్ళవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. అదే చొక్కా. ఎడమ భుజం కాస్త కిందికి వాల్చి నిలబడటం కూడా గంగరాజుదే. ఆమె "ఏవయ్యా" అంది. అతను చాలాసేపటికి తిరిగాడు. అయ్యప్ప.

"ఈ చొక్కా నీకెక్కడిది?"

"అమ్మిచ్చింది వదినా. ఊరికే పెట్టెలో ఉంటే పాడవుద్దని," అన్నాడు. ఆమె కళ్ళలోకి చూడలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే అతను వేట మానేసి ట్రక్కు ఆటో కొన్నాడు.

ఈలోగా సముద్రం దగ్గరికొస్తోంది. ఏటా కొంత ఒడ్డు కోసేసి, మొదటి వరస ఇళ్ళు తీసుకుపోయింది. రెండో వరసలో సగం గోడలే మిగిలాయి. ఉమాదేవిది మూడో వరస. పోటు రోజుల్లో పడుకుంటే చాప కింద నేల అదిరేది. ప్రభుత్వం లోపలికి, మెరకలో స్థలాలు ఇస్తామంది. ఇంటి పెద్ద వచ్చి వేలిముద్ర వేయాలి. లేకపోతే ఆయన చనిపోయినట్టు కాగితం తేవాలి. 2026 మార్చి నెలాఖరుకి జాబితా మూసేస్తారు.

కాగితం కోసం ఆమె అంతకు ముందే మండలాఫీసు చుట్టూ తిరిగి ఉంది. మనిషి జాడ లేకుండా ఏడేళ్ళు గడిస్తే చనిపోయినట్టు రాస్తారని ఎవరో చెబితే, ఏడేళ్ళూ నిండిన వారమే దరఖాస్తు పెట్టింది. అక్కడి ఉద్యోగి రికార్డు తెప్పించి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ ఆయన 2024లో ఓటు వేశాడమ్మా. సంతకం కూడా ఉంది. ఏడేళ్ళు అక్కణ్ణుంచి లెక్కపెట్టాలి."

"అది దొంగ ఓటండీ. ఎవరో వేశారు."

"ఎవరో చెప్పండి మరి. ఆ వేసినతను వచ్చి రాసిస్తే చూద్దాం. లేకపోతే 2031లో రండి."

2031 దాకా ఆ ఇల్లు ఉండదని ఆమెకి తెలుసు.

బందరులో దేవమ్మ అని రిటైరైన నర్సు ఉంది. అరవై ఐదేళ్ళావిడ. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ మహిళా సంఘానికి. సముద్రం వెంట పల్లెల్లో తిరిగి ఉమాదేవితో కలిపి ఇలాంటివాళ్ళని తొమ్మిదిమందిని వెతికి పట్టుకుంది. అందరి మొగుళ్ళూ వేటలోనే ఉన్నారు. అందరికీ ఏదో ఒక పని మొగుడి వేలిముద్ర దగ్గర ఆగిపోయింది. మార్చి ఎనిమిదిన మహిళా దినోత్సవం ఆదివారం వచ్చింది, ఆఫీసులుండవు. మర్నాడు సోమవారం, కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు. కోనేరు సెంటర్ నుంచి అక్కడిదాకా నడుద్దామంది దేవమ్మ.

"నినాదాలొద్దు. అరిచి అరిచి మనం అలిసిపోతున్నాం, వాళ్ళకేమో నిద్రొస్తోంది. మీ ఆయన వస్తే గానీ పని జరగదంటున్నారుగా. తీసుకెళ్దాం."

"ఎవర్నండీ?"

"మీ ఆయన్నే. నిలువెత్తు బొమ్మ చేసుకుని వీపుకి కట్టుకో."

బొమ్మలకి గుడ్డ కొనలేదు. ఎన్నికలప్పటి ఫ్లెక్సీలు పాలెంలో ప్రతి ఇంటి చూరుమీదా, ప్రతి వల మీదా కప్పి ఉంటాయి. వాటినే దించి, నాయకుల ఫోటోలున్న వైపు లోపలికి మడిచి, తెల్లటి వెనకభాగం పైకి వచ్చేట్టు రెండు పొరలు కుట్టారు. ఉమాదేవి వల అల్లే సూదితో, వల దారంతోనే కుట్టింది. ఎండకి ఎత్తి పట్టుకుంటే లోపలి రంగులు లీలగా బయటికి కనిపించేవి. ఆమె ఎంచుకున్న ముక్కలో సరిగ్గా గుండె దగ్గర ఎవరివో రెండు చేతులు దణ్ణం పెడుతున్నాయి.

కత్తిరించాలంటే ఒక మనిషిని దానిమీద పడుకోబెట్టి చుట్టూ గీత గీయాలి. పాలెంలో ఏ మగవాడూ పడుకోలేదు. వెల్లకిలా పడుకుంటే చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని గీత గీయడం, అది శవం చుట్టూ కూర్చున్నట్టే ఉంటుందని అందరికీ తెలుసు. గంగరాజు కొలతకి సరిపోయేవాడు అయ్యప్ప ఒక్కడే. మధ్యాహ్నం ట్రక్కు తుడుస్తుంటే ఉమాదేవి వెళ్ళి అడిగింది. అతను గుడ్డ ట్రక్కులోకి విసిరేశాడు.

"నన్ను మళ్ళీ ఆడిలా చెయ్యమాకు వదినా."

"మళ్ళీ అంటే?"

అయ్యప్ప ట్రక్కు మెట్టుమీద కూర్చుండిపోయాడు. ఆమె కదల్లేదు. అప్పుడు చెప్పాడు.

"అమ్మ చెప్పింది. ఓటెయ్యనోళ్ళ పేర్లు కొట్టేస్తన్నారంట. అన్న పేరు కొట్టేస్తే ఆడు పోయినట్టేనంది. ఏజెంట్లతో ముందే మాట్లాడింది. పొద్దున్నే లేపి ఆడి చొక్కా తొడిగింది. పేరు పిలిస్తే చెయ్యెత్తు చాలంది."

"ఎత్తావా?"

"ఎత్తేలోపే నోట్లోంచి 'ఉన్నా' అని వచ్చేసింది. అది నా గొంతు కాదు వదినా. సంతకం కూడా ఆడిదే పడింది. నాకు ఆడి సంతకం ఎప్పుడూ రాదు."

"నీ ఓటో?"

"వేలికి సిరా ఉందిగా. నాది ఎయ్యలేదు. కాగితం లెక్కన ఆ రోజు ఊళ్ళో అన్న ఉన్నాడు. నేనే లేను."

ఆ తర్వాత వేటకెళ్తే నీళ్ళమీంచి ఎవరో గంగరాజూ అని పిలిచేవారట. తోటివాళ్ళెవరికీ వినపడేది కాదు. తన పేరు కాదని తెలిసీ తల అటు తిరిగిపోయేది. పడవలో నాలుగోసారి అలా తిరిగాక దిగిపోయి, ఇక ఎక్కలేదు.

ఉమాదేవి ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. ఆఫీసువాళ్ళు అడిగిన మనిషి దొరికాడు. పేరు చెబితే దొంగ ఓటు కేసు మరిది మెడకి చుట్టుకుంటుంది. చెప్పకపోతే ఇల్లు సముద్రంలోకి పోతుంది. చెప్పినా, చెప్పకపోయినా, అత్త ముఖం చూడాలి. ఆమె ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఫ్లెక్సీ వాకిట్లో పరిచి, తానే పెట్టెలో మిగిలిన గంగరాజు చొక్కా వేసుకుని పడుకుందామని చూస్తుంటే, పెద్దింట్లమ్మ పొయ్యిలోంచి బొగ్గు తీసుకుని వచ్చింది.

"జరుగు. కన్నదాన్ని, నాకు తెలవదా కొలత?"

డెబ్భై దాటిన మనిషి. మోకాళ్ళమీద పాకుతూ గీయడం మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు, చెరపలేదు. పాదాల దగ్గర మొదలై, పిక్కలు, నడుము, ఎడమ భుజం వాలు. ఎవరో అక్కడ పడుకుని ఉంటే వాళ్ళ ఒంటికి ఆనించి గీస్తున్నట్టే ఉంది. ఒక్కోచోట చెయ్యి కొంచెం ఎత్తి, ఏదో దాటించి మళ్ళీ దించేది. చేతుల దగ్గరికొచ్చేసరికి గీత కిందికి దిగలేదు. చెవుల పక్కగా తలమీదికి పోయింది. రెండు చేతులూ నిటారుగా పైకి, వేళ్ళు విప్పి.

గీసిన దానిమీద ఉమాదేవి ఆ చొక్కా పరిచి చూసింది. భుజాలు అంగుళం కూడా తేడా లేదు. చేతులెందుకలా గీశావని అడగబోయి, ముసలామె ముఖం చూసి ఊరుకుంది.

సోమవారం తొమ్మిది బొమ్మలనీ ట్రక్కులో ఒకదానిమీద ఒకటి వేసి, టార్పాలిన్ కప్పి అయ్యప్పే బందరు తీసుకొచ్చాడు. గంగరాజు బొమ్మ చేతులు వెనక తలుపు దాటి బయటికి వచ్చాయి. చల్లపల్లి దగ్గర ఒక కానిస్టేబుల్ ఆపి, టార్పాలిన్ కిందినుంచి తేలిన వేళ్ళు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏంట్రా అది?"

"మా అన్నండీ."

ముందు సీట్లోంచి పెద్దింట్లమ్మ తల బయటపెట్టింది. "ఆఫీసులో పనుండి ఎల్తన్నాడు బాబూ. పోనియ్యి."

దేవమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. తొమ్మిదిమందీ కుడిచేతి నిండా గాజులు వేసుకుని, ఎడమచెయ్యి బోసిగా ఉంచాలి. నుదుట బొట్టు సగమే ఉండాలి. కోనేరు సెంటర్లో ట్రక్కు చాటున ఉమాదేవి ఎడమచేతి గాజులు ఒక్కొక్కటే తీస్తుంటే పెద్దింట్లమ్మ చూస్తూ నిలబడింది.

"పగలగొట్టమాకు. దాచు," అంది. అంతే.

సరుగుడు కర్రలు బిగించిన బొమ్మని వల తాళ్ళతో వీపుకి కట్టుకుని, చేతిలో అట్ట పట్టుకుంది. అట్టమీద ఆమె రాసుకున్నది: బతికుంటే వెతికివ్వండి. చనిపోతే రాసివ్వండి. మిగతావాళ్ళ అట్టలమీద ఇంకేవో ఉన్నాయి. 'నా వేలికీ ముద్ర ఉంది' అని ఒకరు రాసుకున్నారు.

నడక మొదలైంది. మాటల్లేవు. ఆడవాళ్ళ తలల మీదుగా తొమ్మిది తెల్లటి మగమనుషులు ఊగుతూ వస్తుంటే, ఎండ వెనకనుంచి పడి వాళ్ళ కడుపుల్లో, గొంతుల్లో ఎవరెవరివో నవ్వుముఖాలు తేలుతున్నాయి. రోడ్డు వారగా జనం లేచి నిలబడ్డారు. కిళ్ళీకొట్టతను రేడియో కట్టేశాడు. ఒక బట్టలషాపు వాళ్ళు శవం వెళ్తున్నప్పటిలాగే షట్టరు సగం దించారు. తలగుడ్డ తీసిన ఒక ముసలాయన దేవమ్మని అడిగాడు.

"ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదని రాశారండీ. అదే మా గొడవ."

పూలమ్మే ఆవిడ గబగబా వచ్చి గంగరాజు బొమ్మ కాళ్ళ దగ్గర రెండు బంతిపూలు దోపి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఉమాదేవికి ఆ తాకిడి వీపున తెలిసింది. వద్దని చెప్పాలనుకుంది. ఆవిడ అప్పటికే జనంలో కలిసిపోయింది.

పదిన్నరకి సముద్రంవైపు నుంచి గాలి లేచింది. ఫ్లెక్సీ తెరచాపలా పొంగింది. అందరి బొమ్మలూ గాలికి పడమటికి వాలుతున్నాయి. ఉమాదేవి వీపుమీదిది మాత్రం వెనక్కి, తూర్పుకి లాగుతోంది. తాళ్ళు భుజాల్లోకి కోసుకుపోతున్నాయి. పైకెత్తిన ఆ చేతుల్లో గాలి సుడి తిరిగి అలా లాగిందని దేవమ్మ తర్వాత చెప్పింది, అయ్యుండొచ్చు. నడుస్తున్నప్పుడు మాత్రం, ఎవరో నీళ్ళలోకి తీసుకుపోతుంటే తను ఒడ్డుకి నడుస్తున్నట్టు ఉందని ఉమాదేవి చెబుతుంది. ఒకచోట ఆమె ఇక అడుగు వేయలేక నిలబడిపోయింది. అప్పుడు వెనకనుంచి లాగుడు తగ్గింది. తిరిగి చూస్తే పెద్దింట్లమ్మ. బొమ్మ రెండు పాదాలూ రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"నడు. నేను పట్టుకున్నా."

అలాగే ఆఫీసుదాకా వచ్చారు.

అర్జీలు తీసుకునే గదిలోకి బొమ్మతో రావద్దన్నారు. దేవమ్మ వినలేదు. ఉమాదేవి గుమ్మంలో వంగి లోపలికి వచ్చేసరికి ఆ చేతులు సీలింగు ఫ్యానుకి తగులుతాయని ఎవరో ఫ్యాను ఆపారు. బల్ల వెనక కూర్చున్న అధికారి అర్జీ చదివి, జతచేసిన కాగితాలు తిప్పి, చివరికి ఆ ఎర్రగీత జిరాక్సు దగ్గర ఆగాడు.

"ఇది మీకు చెప్పారు కదమ్మా. ఓటు వేసిన మనిషి చనిపోయాడని నేనెలా రాయమంటారు? వేసింది ఆయన కాదంటే, ఎవరో తెలియాలి. మీకు తెలుసా?"

"తెలుసండీ."

"చెప్పండి."

గుమ్మం అవతల అయ్యప్ప నీళ్ళ క్యాను పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉమాదేవి అటు చూడలేదు. అధికారి వైపూ చూడలేదు. వీపుమీది బరువుతోనే మెల్లగా అత్త వైపు తిరిగింది.

"అత్తా, చేతులు పైకెందుకు గీశావు?"

పెద్దింట్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గుమస్తా ఏదో అనబోతే అధికారి ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

"నాకు అలాగే కనపడతాడు," అంది ముసలామె.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. కళ్ళు మూస్తే చాలు. నీళ్ళలో నిలువుగా ఉంటాడు. చేతులు రెండూ పైకెట్టి. అందుకోమంటాడు. నాకు అందడు."

"మరి వేటలో ఉన్నాడని నాకెందుకు చెప్పావత్తా? ఎనిమిదేళ్ళు."

"నేను పోయాడంటే పోతాడు కదే. నా నోటితో నేనెట్టా పంపను?" ఆమె కొంగు దించి అధికారి వైపు చూసింది. "ఆ ఓటు నేనేయించాను బాబూ. చొక్కా ఆడిది. అందులో మనిషిని నేను పెట్టాను. కేసు ఎట్టుకుంటే నామీద ఎట్టుకో."

"ఆ మనిషెవరు?"

"చెప్పను."

"చెప్పకపోతే ఎలాగమ్మా?"

గుమ్మం దగ్గర నీళ్ళ క్యాను కింద పెట్టిన చప్పుడైంది.

"నేనేనండి," అన్నాడు అయ్యప్ప లోపలికొచ్చి. "గంగరాజు తమ్ముణ్ణి. నా పేరు అయ్యప్ప." ఇంకోసారి అన్నాడు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "అయ్యప్ప."

అధికారి ముగ్గురినీ చూశాడు. ఆ ముగ్గురి మీదుగా నిలబడి ఉన్న నాలుగో ఆకారాన్ని చూశాడు. తర్వాత వాంగ్మూలాలు రాసుకోమని గుమస్తాకి చెప్పాడు. అయ్యప్ప సంతకం పెట్టాడు. పెద్దింట్లమ్మ వేలిముద్ర వేసింది. ఓటు సంగతి వేరేగా విచారిస్తామన్నారు. ఆ వేరే విచారణ ఇంతవరకూ రాలేదు. రాకుండా పోతుందని ఎవరూ అనుకోవడం లేదు.

చివర్లో గుమస్తా కలం ఆపి అడిగాడు.

"చనిపోయిన తేదీ ఏం వేయాలి సార్? పడవ వెళ్ళిన ఆదివారం వేసేద్దామా?"

"ఆదివారం కాదు," అంది పెద్దింట్లమ్మ. "మంగళారం. తెల్లారగట్ట, కోడి కూయకముందు. దాహమేసి లేచి కుండలో నీళ్ళు ముంచుకున్నాను. ఉప్పగా ఉన్నాయి. ఉప్పంటే ఉప్పు కాదు, సముద్రం నీళ్ళే. గుటక దిగలేదు."

గుమస్తా అధికారి ముఖం చూశాడు. ఆయన రాయమన్నట్టు తలాడించాడు. 6-2-2018 అని రాశారు. నెలాఖరుకి రెండు రోజుల ముందు చేతికొచ్చిన కాగితంలో కూడా అదే తేదీ ఉంది. ఆ కాగితం పెట్టి, తన వేలిముద్ర తనే వేసి, మెరకమీది స్థలం ఉమాదేవి తన పేరున రాయించుకుంది.

ఆ మంగళవారం ఆమెకి బాగా గుర్తుంది. కోడి కూశాక లేచింది. అత్త గడపమీద కూర్చుని ఉంది, పక్కన నీళ్ళు పారబోసిన తడి. ఎందుకు పారబోసిందో ఉమాదేవి అడగలేదు. అదే కుండలో చెంబు ముంచుకుని, రేవుకి పరుగెత్తే తొందరలో నిలబడే తాగింది. రెండోసారి కూడా ముంచుకుంది.

ఆ నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఆ మాట అత్తకి ఎప్పుడూ చెప్పలేదంది ఉమాదేవి.